2011 వ్యాన్: అలిపిరిలో ఆగితే ఏసీ వేడి గాలి. మూడోసారి గ్యాస్ పట్టించాలా?

కపిలతీర్థం_రోడ్డు:
మాది 12 సీట్ల వ్యాన్. ముందొక కూలింగ్, వెనక టాప్‌లో ఇంకొకటి. రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు వెనక సీట్లో పెద్దవాళ్లు శాలువా కప్పుకుంటారు. అదే అలిపిరి చెకింగ్ క్యూలో పది నిమిషాలు ఆగితే ఉత్త గాలి. ఘాట్ పూర్తిగా ఎక్కేసేదాకా అంతే. ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు గ్యాస్ పట్టించా. మెకానిక్ మళ్లీ పట్టిద్దామంటున్నాడు. మా డ్రైవరేమో ఫ్యాన్ అంటాడు. వాడే ఘాట్‌లో ఏసీ ఆపేస్తున్నాడేమోనని నా అనుమానం. ఏం చెయ్యమంటారు?

కంప్రెసర్_మామ:
ఇంజిన్ ఆపి గ్యాస్ ప్రెషర్ గేజ్ పెట్టి చూశారా? ఎంత చూపించింది?

కపిలతీర్థం_రోడ్డు:
మధ్యాహ్నం రెండింటికి చూశారు. రెండు వైపులా 130 పీఎస్‌ఐ.

కంప్రెసర్_మామ:
ఇంకేం, గ్యాస్ నిండుగా ఉంది. కంప్రెసర్ అరిగింది. నా బండికీ ఇదే రోగం. పోయినేడు 14,000 పెట్టి సెకండ్‌హ్యాండ్‌ది వేయించా.

తిరుచానూరు_తాత:
కిటికీలు తెరవండి నాయనా. కొండగాలి ఉచితం.

పాకాల_పాన:
మామా, ఆ 130 గ్యాస్ ఎంతుందో చెప్పదు, ఆ పూట ఎండ ఎంతుందో చెబుతుంది. 40 డిగ్రీల్లో ఆర్-134ఏ, అంటే మన ఏసీ గ్యాస్, ప్రెషర్ సుమారు 133 పీఎస్‌ఐ. లోపల పావుకిలో ఉన్నా, కిలో ఉన్నా అంతే. కొంచెం ద్రవం మిగిలుంటే చాలు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ చూడండి, దాదాపు అయిపోయేదాకా పొయ్యి అలాగే మండుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే కాటా మీద పెట్టాల్సిందే. ఇక్కడా అంతే. ఉన్నది బయటికి తీసి, వ్యాక్యూమ్ చేసి (లోపలి గాలి, తేమ లాగేసి), బండి ఏసీ స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకంతో ఎక్కించాలి. కపిలతీర్థం అన్నా, మీకు రెండుసార్లూ తూకం వేసి పట్టారా?

కపిలతీర్థం_రోడ్డు:
తూకమా! పైపు చేత్తో పట్టుకుని చూసి "చల్లబడింది, చాలు" అన్నాడు.

పాకాల_పాన:
అయితే ఎక్కువే పడి ఉండొచ్చు. ఎక్కువైనా బండి ఆగినప్పుడు ఇలాగే మొరాయిస్తుంది. తక్కువై ఉంటే లీక్ ఉన్నట్టు. అది వెతక్కుండా పట్టిస్తే చిల్లుకుండలో నీళ్లే. పైపు జాయింట్ల దగ్గర నూనె మరకకు దుమ్ము అంటుకుని ఉందేమో చూడండి. వెనక ఏసీ పైపులు బండి కింద నుంచి పోతాయి, అవి రాసుకుని అరిగే చోటు కూడా.

కంప్రెసర్_మామ:
130 ఉంటే గ్యాస్ ఉన్నట్టే. 22 ఏళ్లుగా బండ్లు తిప్పుతున్నా. నాకు సిలిండర్ కథలు చెప్పమాక.

పాకాల_పాన:
ఉన్నట్టే, కాదన్లేదు. ఎంతుందన్నదే ప్రశ్న. సరే, కంప్రెసర్ అరిగిందనే అనుకుందాం. ఘాట్‌లో రెండో గేర్‌లో ఇంజిన్ అరుస్తూ ఎక్కుతుంది కదా? కంప్రెసర్ కూడా అంతే వేగంగా తిరుగుతుంది. అక్కడైనా చల్లబడాలిగా, ఎందుకు చల్లబడ్డంలేదు? హైవేలో గాలి దానంతటదే వచ్చి కండెన్సర్‌కి, అంటే గ్రిల్ వెనక ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి, కొడుతుంది. క్యూలో, ఘాట్‌లో ఫ్యానే దిక్కు. నా ఓటు మీ డ్రైవర్‌కే.

చిన్న పరీక్ష చెబుతా. బండి నిలిపి, ఏసీ వేసి, ముందు గ్రిల్ దగ్గర న్యూస్‌పేపర్ ముక్క పట్టుకోండి. పేపర్ గ్రిల్‌కి అతుక్కోవాలి. తర్వాత కండెన్సర్ మీద మగ్గుతో మెల్లగా నీళ్లు పోయండి. లోపల వెంటనే చల్లబడితే తప్పు గాలిదే.

కంప్రెసర్_మామ:
పేపర్ ముక్కతో రిపేరా! ఇక మెకానిక్‌లంతా పేపర్ ఏజెన్సీలు పెట్టుకోవాలి.

స్టీరింగ్_సామి:
మామా, ఒక్కటి అడుగుతా. 14,000 పెట్టాక అలిపిరి క్యూలో చల్లబడిందా?

కంప్రెసర్_మామ:
హైవేలో బ్రహ్మాండంగా ఉంది.

స్టీరింగ్_సామి:
క్యూ గురించి అడిగా.

కంప్రెసర్_మామ:
నువ్వు డ్రైవర్‌వి, నీకెందుకు? ఓనర్ డబ్బు, ఓనర్ బండి. అసలు ఘాట్ మొదలవగానే ఏసీ ఆపి డీజిల్ మిగుల్చుకునేది మీరే. మా బండిలో కళ్లారా చూశా.

స్టీరింగ్_సామి:
ఎవరికి మిగుల్తుంది డీజిల్? ట్రిప్పుకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేది మీరే, అది దాటితే మా జేబులోంచి పోసేదీ మేమే. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపకుండా హెడ్ గాస్కెట్ కాల్చమంటారా? పోయినేడు నా ట్రిప్పులో పార్టీ ఏసీ లేదని గొడవ చేసి 800 తగ్గించి ఇచ్చింది. ఓనర్ అది నా జీతంలో కోశాడు. ఫ్యాన్ మోటార్ పాడైందని నెల ముందు నుంచీ చెబుతూనే ఉన్నా. "నువ్వు మెకానిక్‌వా?" అన్నాడు. ఇక్కడ అందరూ గ్యాసా, కంప్రెసరా అని కొట్టుకుంటున్నారు. బండి నడిపేవాడు ఫ్యాన్ అన్నాడని మొదటి పోస్ట్‌లోనే ఉంది, ఆ పక్క వాక్యంలోనే వాడి మీద అనుమానం.

తిరుచానూరు_తాత:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి.

పాకాల_పాన:
కపిలతీర్థం అన్నా, పేపర్ పెట్టి చూశారా?

కపిలతీర్థం_రోడ్డు:
ఇప్పుడే చూశా. పేపర్ అతుక్కోలేదు. ఎగిరి నా మొహం మీద పడింది.

పాకాల_పాన:
అయితే ఫ్యాన్ తిరగేసి తిరుగుతోంది! మధ్యలో ఎవరైనా మోటార్ మార్చారా? వైర్లు అటూ ఇటూ తగిలించి ఉంటారు. లోపలికి లాగాల్సిన గాలిని బయటికి తోస్తోంది. వైర్లు సరిచేశాక గ్యాస్ తూకం వేయించండి, రెండూ కావాలి.

కపిలతీర్థం_రోడ్డు:
సంక్రాంతికి ముందు మార్చారు. కొత్తది కదా అని ఆ వైపే చూడలేదు.

కంప్రెసర్_మామ:
అయినా 130 ఉందంటే గ్యాస్ ఉన్నట్టే.

స్టీరింగ్_సామి:
కపిలతీర్థం సార్, మీరూ మీ డ్రైవర్ జీతంలో ఏమైనా కోశారా?

కపిలతీర్థం_రోడ్డు:
రెండు ట్రిప్పులవి. ముందు ఫ్యాన్ సంగతి చూడనీ.