జపాన్‌లో కొంబినీల (రాత్రీపగలూ తెరిచుండే చిన్న షాపుల) మీదే బతికేయొచ్చా? వెళ్ళినవాళ్ళు చెప్పండి

గుంటూరు_కిరణ్: ఏప్రిల్‌లో టోక్యో వస్తున్నా, మాస్టర్స్. బిల్లులు, కొరియర్, ఏటీఎం అన్నీ కొంబినీలోనే అయిపోతాయంటున్నారు, నిజమేనా? ప్యూర్ వెజ్, తిండి దొరుకుద్దా?

నిషికసాయి_శ్రీను: కరెంటు, గ్యాస్ బిల్లు కాగితం మీద బార్‌కోడ్ ఉంటది తమ్ముడూ, కౌంటర్‌లో ఇస్తే స్కాన్ చేసి ముద్రేసి ముక్క చింపిస్తారు, అది పారేయకు. క్యాష్ పట్టుకెళ్ళు. మై నంబర్ కార్డ్ (మన ఆధార్ లాంటిది) వచ్చాక అడ్రస్ సర్టిఫికెట్ కూడా అక్కడి కాపీ మెషిన్‌లోనే, పొద్దున 6:30 నుంచి రాత్రి 11 దాకా. వార్డ్ ఆఫీసుకి లీవ్ పెట్టే పనే లేదు.

లత_యోకొహామా: వెజ్ అయితే ఉమెబోషి ఒనిగిరి, అంటే ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద, కళ్ళు మూసుకుని తీసుకో. కవర్ మధ్య తోక లాగి చుట్టూ తిప్పి, రెండు మూలలు లాగితే నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) కరకరలాడుతూ అన్నానికి చుట్టుకుంటది.

ఒసాకా_రాజు: కళ్ళు మూసుకోమని చెప్పకండి లతగారూ! చాలా ఉమెబోషి వాటిల్లో కత్సువో, అంటే చేప ఎక్స్‌ట్రాక్ట్, ఉంటది. కొంబు (ఇంకో రకం సముద్రపు నాచు) పెట్టిన వాటిల్లో కూడా. వెనకాల లేబుల్ చదవాలి.

లత_యోకొహామా: నేను చదివే కొంటానండీ, నేను తీసుకునేదాంట్లో లేదు.

ఒసాకా_రాజు: మీ ఏరియాలో లేకపోవచ్చు. నేను చదువుకునేటప్పుడు కొంబినీలో నైట్ షిఫ్ట్ చేసినోణ్ణి, సరుకు నా చేతుల మీదే షెల్ఫ్ ఎక్కేది. ఏరియాని బట్టి, కంపెనీని బట్టి రెసిపీ మారుద్ది. ఓడెన్ (కౌంటర్ దగ్గర రసంలో ఉడికించి అమ్మే ముక్కలు) అయితే ముల్లంగి ముక్క కూడా చేప రసంలోనే ఉడుకుద్ది.

వైజాగ్_పద్మ: ఇంత పట్టింపు ఉన్నోళ్ళు వండుకోవాలి, బయట తిండి ఎందుకు?

లత_యోకొహామా: పద్మగారూ, ల్యాబ్ నుంచి రాత్రి పదకొండింటికి వచ్చే పిల్లాడికి వండుకో అని చెప్పడం తేలికే! ఉప్పు ఒనిగిరి తీసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ నంజుకుంటే కడుపు నిండుద్ది.

ఒసాకా_రాజు: అర్ధరాత్రి తెరిచి ఉందంటే లోపల ఎవరో నిలబడ్డారని కూడా గుర్తుపెట్టుకోండి. బిల్లులు, పార్సిళ్ళు, ఫ్రైయర్ కడగడం, అన్నీ ఒక్కడే. స్టూడెంట్ వీసా మీద పర్మిషన్ తీసుకున్నా వారానికి 28 గంటలే, నేను చేసిన షాపు ఓనర్ ఇంకా లాగమనేవాడు, కిరణ్, ఎవడు చెప్పినా దాటకు, వీసాకే దెబ్బ. 24 గంటలు తెరిచే పద్ధతి తీసేయాలి.

సప్పోరో_కోడలు: తీసేస్తే మా హొక్కైడోలో ఏం చేయాలి? 2018 సెప్టెంబర్ 6 భూకంపానికి రాష్ట్రమంతా కరెంటు పోతే, మా కొంబినీ కంపెనీ సేకోమార్ట్ వాళ్ళు కార్ల నుంచి కరెంటు లాగి రిజిస్టర్లు నడిపారు, గ్యాస్ ఉన్న షాపుల్లో అన్నం వండి ఒనిగిరీలు చేసి అమ్మారు. ఆ షాపులంటే మాకు ప్రాణం.

ఒసాకా_రాజు: అది ఆపదలో చేసిన సేవ అక్కా, దానికి దణ్ణం పెడతా. రోజూ తెల్లవారుజామున మూడింటికి ఒక్క సిగరెట్ పెట్టె కోసం మనిషిని నిలబెట్టడం వేరు.

గుంటూరు_కిరణ్: అన్నా, కొరియర్ గురించి ఎవరూ చెప్పలే...

నిషికసాయి_శ్రీను: యమాటో కొరియర్ అయితే సెవెన్ ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్ కొంబినీల్లో ఇవ్వాలి. లాసన్ కొంబినీలో పోస్టాఫీసు వాళ్ళ పార్సిల్ సర్వీసు యూపాక్. ఎయిర్‌పోర్ట్‌కి సూట్‌కేస్ పంపాలంటే రెండు మూడు రోజుల ముందే ఇచ్చేయ్, ఫ్లైట్ టైమ్ కూడా రాయాలి.