ఏడు చేపల కథలో ‘ఎ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ?

టెట్‌కూ డీఎస్సీకీ చదువుతున్నవాళ్లు ఇంగ్లీషు ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) మీద ఖాళీలు పెట్టి ‘సార్, ఇక్కడ ఏమొస్తుంది?’ అని రోజూ అడుగుతున్నారు. జవాబు చెప్తే ఆ ఒక్క ఖాళీ నిండుతుంది, అంతే. గైడ్లలో ఉన్న సూత్రం మీ అందరికీ కంఠతా వచ్చు: ఒక వస్తువును మొదటిసారి చెప్తే ‘ఎ’, రెండోసారి చెప్తే ‘ది’. ఈ సూత్రం సగం దూరమే నడుస్తుంది. ఎక్కడ ఆగిపోతుందో చూపించడానికి మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ తీసుకుంటున్నాను. హనుమకొండలో మా బడి పిల్లలతో నేను చేయించే అభ్యాసం కూడా ఇదే. గ్రామర్ పుస్తకాల్లోని టామ్, జాన్ వాక్యాల కన్నా ఇది నయం. కథలో ఎవరు ఎవరో పిల్లలకు ముందే తెలుసు, ఆర్టికల్ మొత్తం నడిచేది కూడా ఆ ‘ముందే తెలుసు’ మీదనే.

“అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.” ఇక్కడిదాకా గైడు గెలిచినట్టే. ఒక రాజు ‘ఎ కింగ్’, ఆ రాజు ‘ది కింగ్’. కొడుకులు వేటకు పోయారు అన్నచోట ఆర్టికల్ ఊసే లేదు, ‘వెంట్ హంటింగ్’. ఏడు చేపలు తెచ్చారు. అంకె వచ్చి కూర్చుంది కాబట్టి అక్కడా ఖాళీ లేదు. చేపలను ఎండబెట్టారు అంటే అవే చేపలు, ‘ది ఫిష్’.

తర్వాతి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. “అందులో ఒక చేప ఎండలేదు.” రాజు దగ్గర ‘ఒక’ అంటే ‘ఎ’ అయింది కదా అని చాలామంది ‘ఎ ఫిష్ డిడ్ నాట్ డ్రై’ అని రాసేస్తారు. అట్లా రాస్తే ఎక్కడిదో కొత్త చేప కథలోకి వచ్చినట్టుంటుంది. మన చేప ఆ ఏడింటిలోదే, మిగతా ఆరూ ఎండాయి, ఇది ఎండలేదు. కాబట్టి ‘వన్ ఫిష్’ అనాలి. ఈ తేడా పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. ‘ఒక’ను ఒత్తి ‘ఒక్క’ అని చదివి చూడండి. “అందులో ఒక్క చేప ఎండలేదు” బాగానే ఉంది, అంటే అది ‘వన్’. “అనగనగా ఒక్క రాజు” అంటే నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది, అంటే అది ‘ఎ’. ఇంగ్లీషులోనూ ఈ రెండూ ఒక కడుపున పుట్టినవే. పాత ఇంగ్లీషులో ఒకటి అనే అంకెకు ‘ఆన్’ అనేవాళ్లు. ఒత్తి పలికినచోట అది ‘వన్’ అయింది, ఒత్తు లేకుండా పలికినచోట అరిగి ‘యాన్’, ఇంకా అరిగి ‘ఎ’ అయింది.

“చేపా చేపా, ఎందుకు ఎండలేదు?” పిలుపు కాబట్టి ఆర్టికల్ లేదు. గడ్డిమోపు అడ్డం వచ్చిందట. అక్కడ ‘ఎ’ అన్నా ‘ది’ అన్నా తప్పు పట్టను. మోపు సంగతి వదిలేయండి, ఆవు దగ్గరకు రండి.

“ఆవు మేయలేదు.” కథలో ఆవు మాట రావడం ఇదే మొదటిసారి. గైడు లెక్కన ‘ఎ కౌ’ రావాలి. కానీ ‘ఎ కౌ డిడ్ నాట్ ఈట్ మీ’ అంటే ఎవరిదో ఏదో ఆవు మేయకుండా పోయింది, దానికి నేనేం చేయాలి అన్నట్టుంటుంది. కథ చెప్పే అవ్వ మనసులో గానీ వినే పిల్లవాడి మనసులో గానీ అట్లాంటి అనుమానం లేదు. ఆ మోపు మేయాల్సిన ఆవు, కొట్టంలో ఉండే ఆవు. అందుకే మొదటిసారే ‘ది కౌ’. దాన్ని మేపని గొల్లవాడూ అంతే, మొదటిసారే ‘ది’. గొల్లవాడు ఏమంటాడు? “అవ్వ బువ్వ పెట్టలేదు.” మన దిక్కు అవ్వ అంటే అమ్మ. ఇంటివాళ్లు నోరారా పిలిచే పిలుపు కాబట్టి అది పేరుతో సమానం, దాని ముందు ఏమీ రాదు. బువ్వ లెక్కపెట్టే వస్తువు కాదు, ఏ బువ్వో చెప్పాల్సిన పనీ లేదు, అక్కడా ఏమీ రాదు. అవ్వనేమో పిల్లవాడు ఏడ్చాడంటుంది. ఆ ఇంటి పిల్లవాడే కాబట్టి మళ్లీ ‘ది’.

చివరికి “చీమ కుట్టింది.” ఇదీ మొదటిసారే, కానీ ఇక్కడ ‘యాన్ యాంట్’. ఆవుకు ఒక న్యాయం, చీమకు ఒక న్యాయం ఎందుకో పిల్లలనే అడుగుతాను. ‘మొదటిసారా, రెండోసారా’ అన్న ప్రశ్న మానేసి ‘వినేవాడికి ఏదో తెలుసా?’ అని అడగడం వాళ్లకు అక్కడే అలవాటవుతుంది. ‘ది’ పుట్టింది కూడా ‘ఆ, అది’ అని వేలు పెట్టి చూపే మాటల్లోంచే. మన దిక్కు “గా సంగతి ఏమాయె?” అంటాం. ఏ సంగతో ఇద్దరికీ తెలిస్తేనే అట్లా అడుగుతాం. ‘ది’కి మన భాషలో అంత దగ్గరి చుట్టం ఇంకొకటి నాకు కనబడలేదు.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఇవి రావు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ తేడా మనం మాటతో కాకుండా మాట ఉన్న చోటుతో చెప్తాం. “ఇంట్లో పాము ఉంది” అంటే ఏదో పాము దూరింది, కొత్త వార్త. “పాము ఇంట్లో ఉంది” అంటే పొద్దున్నుంచి వెతుకుతున్న పాము దొరికింది. మొదటిది ‘దేర్ ఈజ్ ఎ స్నేక్ ఇన్ ది హౌస్’, రెండోది ‘ది స్నేక్ ఈజ్ ఇన్ ది హౌస్’. రెండు వాక్యాల్లోనూ ఇంటికి మాత్రం ‘ది’నే, మన ఇల్లు కాబట్టి. చదువురాని ముసలవ్వ కూడా ఈ రెండు వాక్యాలను తారుమారు చేయదు. అట్లాగే “సైకిల్ కొన్నాను” అంటే ‘ఎ’, “సైకిల్‌ను అమ్మేశాను” అంటే చాలావరకు ‘ది’. ఆ ‘ను’ తగిలించేసరికి ఏ సైకిలో తెలిసిన సైకిల్ అవుతుంది. ప్రాణంలేని వస్తువుల దగ్గరే ఈ కిటుకు పనికొస్తుంది. మనుషులకైతే ‘ను’ ఎట్లాగూ తప్పదు. కాబట్టి ఖాళీలు నింపడం కన్నా ఇట్లాంటి తెలుగు వాక్యాల జంటలు రాసుకుని వాటిని ఇంగ్లీషులోకి మార్చండి. చేయి తిరుగుతుంది.

(కింద అడిగినవాటికి జవాబులు కూడా ఇక్కడే పెడుతున్నాను.)

కరీంనగర్ నుంచి ఒక చెల్లె: “సార్, ఆవు ఇంటిది కాబట్టి ‘ది’ అన్నరు, ఒప్పుకుంట. మరి చీమ కూడా ఆ ఇంట్లదే కదా? దానికెందుకు లేదు?”

మంచి మెలిక పెట్టినవమ్మా. ఇంట్లో ఉండటం ఒక్కటే చాలదు, ఏదో తేలాలి. కొట్టంలో ఆవు ఒకటే, గొల్లవాడు ఒకడే, పేరు చెప్పకపోయినా గుర్తుపడతాం. చీమలు పుట్ట నిండా ఉన్నాయి, కుట్టింది ఏదో పిల్లవాడికీ తెలియదు. అదే కథలో ఆ ఇంటికి పది ఆవులున్నాయని ముందే చెప్పి ఉంటే, ఆవుకు కూడా ‘వన్ ఆఫ్ ది కౌస్’ అనో ఇంకేదో అనో చెప్పుకోవాల్సి వచ్చేది. ఇంకొకటి చూడు. చీమ “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అంటుంది. ‘మై’ వచ్చింది కాబట్టి పుట్టకు ఆర్టికల్ రాదు. వేలు ఎవరిదో తెలుగులో చెప్పం, వినేవాడికి తెలుసు. ఇంగ్లీషు మాత్రం అక్కడ ఊరుకోదు, ‘యువర్ ఫింగర్’ అనాల్సిందే. ఒంటి భాగాల దగ్గర మనవాళ్లు ‘ది’ వేసి మార్కులు పోగొట్టుకుంటారు.

జగిత్యాల నుంచి ఒక తమ్ముడు: “సార్, అచ్చు ముందు ‘యాన్’, హల్లు ముందు ‘ఎ’. మరి యం.ఆర్.ఓకు ఏది? మా మండల ఆఫీసు పాత బోర్డు మీద ‘య’తోనే ఉన్నది. ‘య’ హల్లే కదా?”

తమ్మీ, మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇది. పదం మొదట్లో ‘ఎ’ వస్తే మన నాలుక దానికి ఒక ‘య’ తగిలిస్తుంది. ఎందుకు అని రాసి యెందుకు అంటాం. ఆ అలవాటుతోనే బోర్డుల మీద యం.ఆర్.ఓ, యల్.ఐ.సి, యస్.ఐ అని రాసుకున్నాం. ఇంగ్లీషువాడి నోట్లో అక్కడ ‘య’ లేదు. కాబట్టి ‘యాన్ ఎమ్మార్వో’, ‘యాన్ ఎస్సై’, ‘యాన్ ఎల్ఐసీ పాలసీ’. ఆ మాటకొస్తే ‘యాన్’ను కూడా మనం ‘య’తోనే రాస్తున్నాం, చూడు.

దీనికి తలకిందులుగా, నిజంగా ‘య’ ఉన్నచోట మనం మింగేస్తాం. ఇంగ్లీషులో చెవికి, సంవత్సరానికి వేరువేరు మాటలున్నాయి, మన నోట్లో రెండూ ‘ఇయర్’నే. అందుకే ‘యాన్ ఇయర్ అగో’ అని అంతమంది రాస్తారు. సంవత్సరం మాటలో ముందు ‘య’ ఉంది, దానికి ‘ఎ’ రావాలి. చెవికి మాత్రం ‘యాన్’. పసుపు రంగును ‘ఎల్లో’ అని రాసుకుని ‘యాన్ ఎల్లో శారీ’ అనడం కూడా ఇదే జబ్బు. కాబట్టి తెలుగులో ఎట్లా రాశారో చూడొద్దు, డిక్షనరీ యాప్‌లో నొక్కి పలుకు విను. పొడి అక్షరాలతో చెప్పే పేర్లకైతే ఒక లెక్క గుర్తుపెట్టుకో. ఎ, ఈ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎమ్, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్: ఈ 12 అక్షరాలను విడివిడిగా పలికితే ముందు ‘యాన్’. హెచ్‌ను ఇంగ్లీషువాళ్లు ‘ఏచ్’ అంటారు కాబట్టి ఈ జాబితాలో చేరింది. యూ మాత్రం చేరదు, దాని పలుకులో ‘య’ ఉంది.

చెవి మోసపోవడం మన ఒక్కరికే కాదులే. వంటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నాప్రన్. ‘ఎ నాప్రన్’ అన్నదాన్ని ‘యాన్ ఏప్రన్’ అని విని జనం ‘న’ను ఆర్టికల్‌కు ఇచ్చేశారు. ముద్దుపేరు మాటలో అదే తిరగబడింది. ‘యాన్ ఎకనేమ్’ కాస్తా ‘ఎ నిక్‌నేమ్’ అయి కూర్చుంది. తప్పు విని తప్పు పలికిందే ఇప్పుడు డిక్షనరీలో ఒప్పు.

ములుగు నుంచి ఒక సోదరి: “రామప్ప మీద వ్యాసం రాయమన్నారు. ‘ది రామప్ప టెంపుల్’ అనాలా, ఊరికే ‘రామప్ప టెంపుల్’ అనాలా?”

ఊరికే రాయండమ్మా. మనిషి పేరో ఊరి పేరో ముందుంటే సాధారణంగా ‘ది’ రాదు: రామప్ప టెంపుల్, వరంగల్ ఫోర్ట్, కాకతీయ యూనివర్సిటీ, పాఖాల లేక్. పేరు బదులు వర్ణన ఉంటే వస్తుంది: ‘ది థౌజండ్ పిల్లర్ టెంపుల్’. ‘ఆఫ్’ పెట్టి చెప్పినా వస్తుంది: ‘ది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్’. నదికి వస్తుంది, ‘ది గోదావరి’. వంశం మొత్తాన్ని చెప్తే వస్తుంది, ‘ది కాకతీయాస్’. రుద్రమదేవి ఒక్కరినీ చెప్తే రాదు. దీనికి పెద్ద కారణం వెతకొద్దు, వాడుకలో అట్లా స్థిరపడింది, బట్టీ పట్టడమే.

మీ వ్యాసంలో అసలు గండం వేరేచోట ఉంది. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని రాస్తారు కదా, అక్కడ ‘ఎ యునెస్కో వరల్డ్ హెరిటేజ్ సైట్’ అనాలి. ‘యాన్’ కాదు, యు మొదట్లో ఉన్నది ‘య’ శబ్దం. ‘ది’ కూడా కాదు, అట్లాంటి కట్టడాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. తెలంగాణలో మొట్టమొదటిది అని చెప్పదలచుకుంటే మాత్రం ‘ది ఫస్ట్’. మొదటిది అన్నాక అది ఒకటే ఉంటుంది.

పెద్దపల్లి నుంచి ఒక తెలుగు టీచరమ్మ: “మీ ఆర్టికల్స్ మా తెలుగును పాడు చేస్తున్నాయి మాస్టారూ! ‘ఆమె ఒక డాక్టర్’, ‘ఆయన ఒక గొప్ప కవి’, ‘ఇది ఒక మంచి అవకాశం’ అని రాస్తున్నారు పిల్లలు. ఆమె డాక్టర్ అంటే చాలదా?”

చాలు మేడమ్, మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. టీవీ యాంకర్ల దయ వల్ల ఆ ‘ఒక’ ఇప్పుడు పెళ్లి పత్రికల దాకా వచ్చింది. అయితే ఇంగ్లీషు రాసేటప్పుడు మన పిల్లల చేతిలోంచి ఆర్టికల్ ఎక్కువగా జారిపోయేది సరిగ్గా అక్కడే. ఆమె డాక్టర్, మా నాన్న రైతు, వాడు మంచోడు. తెలుగులో ఏమీ లేదు కాబట్టి ‘షీ ఈజ్ డాక్టర్’ అని వదిలేస్తారు. అందుకని వాళ్లకు ఒక మాట చెప్తుంటాను: తెలుగు వాక్యంలో ‘ఒక’ పెడితే మీ తెలుగు టీచర్ కొట్టాలి, ఇంగ్లీషు వాక్యంలో ‘ఎ’ మర్చిపోతే నేను కొట్టాలి. పిల్లలు నవ్వుతారు, ఎవరమూ కొట్టం కాబట్టి.

కాజీపేట నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: “మా కాలేజీకి ఏది సార్? ఎ ఎన్ఐటీ స్టూడెంటా, యాన్ ఎన్ఐటీ స్టూడెంటా?”

ఎన్, ఐ, టీ అని విడివిడిగా పలుకుతారు కాబట్టి ‘యాన్’. 2002కు ముందు అది ఆర్ఈసీ, అప్పుడూ ‘యాన్’నే. అదే అక్షరాలను కలిపి ‘నిట్’ అని చదివేవాళ్లుంటే వాళ్లకు ‘ఎ’. మీ దోస్తులు ఎట్లా అంటారో విని అట్లా రాయండి.