హార్డ్‌వేర్ చేతిలో లేనివారు డ్రైవర్ కోడ్‌ను సమీక్షించవచ్చా?

ఇంటరప్ట్_తొమ్మిది (రాయదుర్గం)

మా సంస్థ తయారుచేసే ఒక ఈథర్‌నెట్ కంట్రోలర్‌కు లైనక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) రాసి, దాన్ని ప్రధాన కెర్నల్‌లో (లైనక్స్ మూలభాగంలో) చేర్పించడానికి నాలుగు నెలలుగా తిప్పలు పడుతున్నాను. ఇప్పటికి మూడు వెర్షన్లు పంపాను. సమీక్షించిన ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ చిప్‌ను కంటితో చూసినవారు కారు, దాని డేటాషీట్ (చిప్ సాంకేతిక వివరాల పత్రం) చదివినవారూ కారు. అయినా మొదటి వెర్షన్‌కే ఇరవై ఆరు వ్యాఖ్యలు వచ్చాయి. మూడో వెర్షన్‌కు వచ్చినవాటిలో సగం, ఫంక్షన్ ఆరంభంలో వేరియబుళ్లను పొడవైన పంక్తి పైన, పొట్టి పంక్తి కింద ఉండేలా పేర్చలేదన్నవే. కూర రుచి చూడకుండా గిన్నెలు సర్దిన తీరుకు మార్కులు వేసినట్టుంది. పరికరం ఎలా పనిచేస్తుందో తెలియనివారికి దాని డ్రైవర్‌ను ఆపే అధికారం ఉండడం సబబేనా? పంపిన ప్యాచ్‌ల (కోడ్ మార్పుల) లింకును నా ప్రొఫైల్‌లో పెట్టాను, చదివి చెప్పండి.

పాతబోర్డు (తార్నాక)

చదివాను. అందులో కనబడిన రెండు విషయాలు చెబుతాను, రెంటికీ మీ చిప్ అక్కరలేదు.

మొదటిది, పరికరం దొరికినప్పుడు నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లో మీరు ఇంటరప్ట్‌ను (పరికరం ప్రాసెసర్‌కు పంపే పిలుపును) డెవ్‌ఎమ్ పద్ధతిలో తీసుకున్నారు, అంటే దాన్ని విడుదల చేసే బాధ్యతను కెర్నల్‌కే అప్పగించారు. ఆ విడుదల, డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ ముగిసిన తర్వాతే జరుగుతుంది. మీరేమో రిమూవ్ లోపలే డిస్క్రిప్టర్ రింగు (ప్యాకెట్ల చిట్టా) మెమరీని స్వయంగా వదిలేశారు. ఆ రెంటి నడుమ ఉన్న కొద్ది క్షణాల్లో ఒక్క ఇంటరప్ట్ వచ్చినా, మీ హ్యాండ్లర్ (ఇంటరప్ట్‌కు బదులిచ్చే ఫంక్షన్) అప్పటికే వదిలేసిన మెమరీలో రాస్తుంది. మీ ల్యాబ్‌లో వెయ్యిసార్లు మాడ్యూల్‌ను ఎక్కించి దించినా ఇది బయటపడకపోవచ్చు.

రెండోది, ఇంటరప్ట్ సంఖ్యను అన్‌సైన్డ్ (రుణసంఖ్యలు పట్టని) వేరియబుల్‌లో ఉంచి, అది సున్నా కంటే తక్కువా అని పరీక్షించారు. ఆ పరీక్ష ఎన్నటికీ నిజం కాదు. ఫంక్షన్ తిరిగి ఇచ్చిన లోపసంఖ్య కాస్తా ఒక పెద్ద ఇంటరప్ట్ సంఖ్యగా మారి ముందుకు పోతుంది.

2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లైనక్స్ కోడ్‌ను కంపైలర్ సాయంతో పరిశీలించి, డ్రైవర్లలో లోపాల రేటు మిగతా కెర్నల్‌తో పోలిస్తే మూడు నుంచి ఏడు రెట్ల వరకు ఎక్కువని తేల్చారు. వారు ఒక్క బోర్డు కూడా పట్టుకోలేదు, కోడ్‌ను చదివే యంత్రమే వాటిని పట్టింది.

ఇంటరప్ట్_తొమ్మిది

ఆ రెండూ నిజమైన లోపాలే, ఒప్పుకుంటున్నాను, సరిచేస్తాను. నేను అడిగింది మాత్రం అది కాదు. ఇరవై ఆరు వ్యాఖ్యల్లో అలాంటివి రెండే అయితే, మిగిలిన ఇరవై నాలుగు ఎందుకు? పంక్తి ఎనభై అక్షరాలు దాటిందని ఒకరు రాశారు. చెక్‌ప్యాచ్‌లో (ప్యాచ్‌ల శైలిని సరిచూసే స్క్రిప్టులో) ఆ హెచ్చరికను 2020లోనే నూటికి పెంచారు కదా!

ఉస్మానియా_బిస్కెట్

ఎనభయ్యా, నూరా అన్న పంచాయితీ తెగేలోపు నా ఛాయ్ రెండుసార్లు చల్లారింది.

పాతబోర్డు

పెంచింది హెచ్చరిక హద్దును మాత్రమే. ఎనభై లోపు ఉండడమే మేలన్న మాట నియమాల పత్రంలో ఇంకా ఉంది. వేరియబుళ్ల వరుస నెట్‌వర్కింగ్ విభాగపు సొంత ఆచారం. ఆ విభాగంలోకి వస్తున్నప్పుడు దాన్ని పాటించడం పెద్ద కష్టం కాదు.

నల్లకుంట_నోడ్

పాతబోర్డు గారూ, మీరు తేలికైన ఉదాహరణలు ఎంచుకున్నారు. లాక్, మెమరీ, ఎర్రర్ పాత్ (లోపం వచ్చినప్పుడు కోడ్ నడిచే దారి) వంటివి ఏ డ్రైవర్‌లోనైనా ఒకేలా ఉంటాయి, వాటిని ఎవరైనా చదివి పట్టవచ్చు. ఆ చిప్‌కే సొంతమైన ప్రవర్తనను ఎవరు పట్టాలి? అసలు ప్రశ్న అది.

ఇంటరప్ట్_తొమ్మిది

సరిగ్గా నా గోడు అదే, నోడ్ గారూ. రెండో వెర్షన్‌లో ఒక స్టేటస్ రిజిస్టర్‌ను (చిప్ తన స్థితిని చూపే చోటును) వెంటవెంటనే రెండుసార్లు చదివాను. మొదటి విలువను ఎక్కడా వాడలేదు గనుక, ఆ చదువు అనవసరమని, తీసేయమని ఒక సమీక్షకుడు రాశారు. మా చిప్‌లో మొదటి చదువు పాత సంఘటనను తుడిచివేస్తుంది, రెండోదే వర్తమాన స్థితిని ఇస్తుంది. గొడవ ఎందుకని తీసేశాను. తీసేశాక కేబుల్ లాగి మళ్లీ పెట్టినప్పుడల్లా లింకు తెగినట్టే చూపించేది. పన్నెండు రోజులు రాత్రి పదకొండు దాకా ల్యాబ్‌లో కూర్చుని, లోపం నా కోడ్‌లో లేదని, నేను తీసేసిన పంక్తిలో ఉందని తెలుసుకున్నాను. ఆ పన్నెండు రోజులూ ఎవరి ఖాతాలో రాయాలి?

పాతబోర్డు

మీ ఖాతాలోనే. ఈథర్‌నెట్ ప్రమాణంలోనే లింక్ బిట్ (కేబుల్ కలిసి ఉందని చూపే గుర్తు) ఒకసారి పడిపోతే చదివేంతవరకు పడే ఉంటుంది. దాన్ని రెండుసార్లు చదవడం ఈ విభాగంలో పనిచేసేవారందరికీ తెలిసిన సంగతే. అయితే మీరు చదివిన రిజిస్టర్ ప్రమాణంలోనిది కాదు, మీ చిప్ సొంతది. దాని మీద కోడ్‌లోనే ఒక్క వాక్యం వ్యాఖ్యగా రాసి ఉంటే ఎవరూ తీసేయమనేవారు కాదు. తీసేయమన్నప్పుడు కూడా, ఇది ఇందుకోసం ఉందని జవాబు రాయకుండా మౌనంగా తీసేశారు. సమీక్ష అంటే ఆజ్ఞ కాదు, ప్రశ్న అనుకోవాలి.

ఇంటరప్ట్_తొమ్మిది

ఆ వాక్యం రాయడానికి నాకు స్వేచ్ఛ ఉందనుకుంటున్నారా? డేటాషీట్ రహస్య ఒప్పందం కింద ఉంది. చిప్ వింత ప్రవర్తన గురించి ఒక పంక్తి బయట పెట్టాలన్నా మా న్యాయ విభాగం నుంచి అనుమతి రావాలి, దానికి ఆరు వారాలు పడుతుంది.

చిలకలగూడ_కాష్

మీ ఇద్దరూ చిన్న పంక్తుల దగ్గర ఆగిపోయారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ డ్రైవర్ విండోస్ యంత్రాలను కూల్చినప్పుడు, శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే 85 లక్షల యంత్రాలు పడ్డాయి. సమీక్ష అవసరమా అని ఇంకా అడుగుతున్నారా?

నల్లకుంట_నోడ్

అది వేరే కథ, కాష్ భాయ్. ఆ రోజు డ్రైవర్ కోడ్ మారలేదు, అది చదివే డేటా ఫైలు మారింది. కోడ్ ఇరవై విలువలు అందిస్తుంటే ఫైలు ఇరవై ఒకటోదాన్ని కోరింది. పైగా ఇక్కడ సమీక్ష వద్దని ఎవరూ అనడం లేదు.

ఇంటరప్ట్_తొమ్మిది

పాతబోర్డు గారూ, మర్యాద తప్పుతున్నానేమో, అయినా అంటాను. మీరు ఇంజనీరులా కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు కాగితంపై మార్జిన్ వదల్లేదని దస్తావేజు తిప్పిపంపే గుమాస్తాలా మాట్లాడుతున్నారు. కోడ్ రాసేది మేము, ల్యాబ్‌లో రాత్రిళ్లు గడిపేది మేము. మీకు పోయేదేముంది?

పాతబోర్డు

పోయేదేమిటో చెబుతాను, వినండి.

పదకొండేళ్లుగా తీరిక వేళల్లో ఈ పని చేస్తున్నాను, దీనికి నాకు జీతం లేదు. ఆరేళ్ల క్రితం ఒక డ్రైవర్‌కు రివ్యూడ్-బై (సమీక్షించానన్న ముద్ర) ఇచ్చాను. రాసినాయన మన గచ్చిబౌలిలోనే పనిచేసేవారు. అది కెర్నల్‌లో చేరిన ఐదు నెలలకు ఆయన వేరే సంస్థకు మారారు, మెయింటెయినర్స్ ఫైలులో (కోడ్ బాధ్యుల జాబితాలో) ఆయన చిరునామాకు రాసిన ప్రతి ఉత్తరమూ వెనక్కి వచ్చేది. కమిట్‌లో (కెర్నల్‌లో చేరిన మార్పు నమోదులో) బతికి ఉన్న చిరునామా నాదొక్కటే. సస్పెండ్ (నిద్ర స్థితి) నుంచి లేచాక నెట్‌వర్క్ రావడం లేదని ఎవరో ఉత్తరం రాస్తారు, మరొకరు లాగ్ అంతా అతికించి పంపుతారు. నా దగ్గర ఆ బోర్డు లేదు, ఎన్నడూ లేదు. ఉన్నది కోడ్ మాత్రమే. అది కూడా మూడు వందల పంక్తుల ఒకే ఫంక్షన్, ఒక్క వ్యాఖ్య లేదు. రెండు సంక్రాంతి సెలవులు దానికే పోయాయి.

హార్డ్‌వేర్ లేకుండా చదివినప్పుడు అర్థమయ్యేలా రాయమని నేను అడిగేది అందుకే. మీరు వెళ్లిపోయిన తర్వాత దాన్ని చదివేవారు ఎప్పుడూ హార్డ్‌వేర్ లేకుండానే చదువుతారు.

ఉస్మానియా_బిస్కెట్

ఈసారి ఛాయ్ పక్కన పెట్టి చదివాను.

ఇంటరప్ట్_తొమ్మిది

గుమాస్తా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా వైపు సంగతి కూడా ఒకటి ఉంది. ఈ డ్రైవర్ ఈ ఆర్థిక సంవత్సరంలోపు చేరితేనే నా అప్రైజల్‌లో ఆ పని లెక్కకు వస్తుంది. ప్రతి కెర్నల్ విడుదల తర్వాత మెర్జ్ విండో (కొత్త మార్పులను ప్రధాన కెర్నల్‌లో కలిపే గడువు) తెరిచి ఉన్న రెండు వారాలూ నెట్-నెక్స్ట్ (కొత్త నెట్‌వర్క్ ప్యాచ్‌లు చేరే చోటు) మూసి ఉంటుంది. ఒక రౌండు తప్పితే తర్వాతి విడుదల కోసం రెండు నెలలకు పైగా ఆగాలి. మీకు వేరియబుళ్ల వరుసగా కనిపించేది నాకు ఒక త్రైమాసికంగా కనిపిస్తుంది.

ఇంకొకటి కూడా రాయాలి. నా మొదటి వెర్షన్ కింద మా కార్యాలయంలోని ఒక సీనియర్ పేరుతో రివ్యూడ్-బై ఉంది. ఆయన ఆ ఫైలు తెరవలేదు. బయటికి వెళ్లే ప్యాచ్‌కు లోపలి నుంచి ఒక పేరు ఉండాలన్నది మా నియమం, అందుకని ఉంచారు. చిప్ డేటాషీట్ మొత్తం ఆయన టేబుల్ మీదే ఉంది.

నల్లకుంట_నోడ్

అంటే హార్డ్‌వేర్ ఉన్నవారు చదవలేదు, చదివినవారికి హార్డ్‌వేర్ లేదు. మనం ఉదయం నుంచి రెండోవారితోనే పోట్లాడుతున్నాం.

పాతబోర్డు

కెర్నల్ పత్రాల ప్రకారం రివ్యూడ్-బై అంటే, పంపిన మార్పును సాంకేతికంగా పరిశీలించానని, తెలిసినంతలో అడ్డంకి లేదని చెప్పడం. అది పనిచేస్తుందన్న హామీ అందులో లేదు. హార్డ్‌వేర్‌పై నడిపి చూసినవారికి టెస్టెడ్-బై అని వేరే ముద్ర ఉంది. మీ సీనియర్ గారికి తగినది ఈ రెండోది, అది కూడా నడిపి చూస్తేనే. ఆ పేరును నాలుగో వెర్షన్‌లో తీసేయండి. తీసేసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. ఉంచి, తర్వాత బయటపడితే మాత్రం మీ సంస్థ నుంచి వచ్చే తర్వాతి పది ప్యాచ్‌లనూ అనుమానంతోనే చదువుతారు.

మెయింటెయినర్స్‌లో మీ సొంత చిరునామా పెట్టగలరా?

ఇంటరప్ట్_తొమ్మిది

మా విధానం దానికి ఒప్పుకోదు. బృందం మొత్తానికి చేరే ఒక చిరునామా అడిగాను, చూద్దామన్నారు. బోర్డు ఒకటి మీకు పంపిద్దామని కూడా అడిగాను, అది ల్యాబ్ గేటు దాటదన్నారు.

రిమూవ్‌లో వరుస మార్చాను, అన్‌సైన్డ్ తీసేశాను. రిజిస్టర్‌ను రెండుసార్లు చదివే చోట వ్యాఖ్య రాసి న్యాయ విభాగానికి పంపాను. సీనియర్ పేరు గురించి రేపు ఆయనతోనే మాట్లాడతాను.

పాతబోర్డు

అనుమతి వచ్చాక పంపండి, ఆ వారంలోనే చదువుతాను. ప్రోబ్ ఫంక్షన్‌లో వేరియబుళ్ల వరుస ఇంకా మార్చలేదు, అదీ చూసుకోండి.