ఖండన బిందువు: ఎవర్ని ఖండిస్తున్నట్టు?

మా అన్నయ్య కూతురు టెన్త్, నిన్న రాత్రి గ్రాఫ్ పేపర్ ముందేసుకుని "బాబాయ్, ఈ రెండు రేఖలూ ఖండించుకుంటాయంట, దేని గురించి గొడవ" అంది. నవ్వొచ్చింది గానీ తప్పు దానిది కాదులెండి, పొద్దున లేస్తే పేపర్లో ఫలానా నాయకుడు ఫలానా వ్యాఖ్యల్ని ఖండించారు అనే కదా చూసేది. ఖండం అంటే ముక్క, అఖండ దీపం అంటే మధ్యలో తెగకుండా వెలిగేది, అంచేత ఖండించడం అంటే ముందు కోయడమే, ఎదుటివాడి మాటని కోయడం ఆ తర్వాత వచ్చింది. గీతలు ఒకదాన్నొకటి కోసుకునే చోటు ఖండన బిందువు.

అక్కడితో ఆగలా. వై = 2ఎక్స్ + 3 అనే గీతలో ఆ 3ని అంతరఖండం అంటారు కదా, అదో చుక్క అనుకుంటోంది. పేరులోనే ఉంది చూడండి, చుక్క కాదు ముక్క: మూల బిందువు, అంటే రెండు అక్షాలూ కలిసే చోటు, దగ్గర్నుంచి గీత వై అక్షాన్ని కోసిన చోటు దాకా. మరి మైనస్ 3 అయితే ముక్కకి మైనస్ పొడవేంటంది, కిందకి కొలిచామని గుర్తులే అన్నా.

—

మీ పోస్టు చదివా, మాది గుంటూరండీ. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసే చోటు, మాకు ఇంటి అడ్రసే ఖండన బిందువు! నాలుగో లైన్లో ఎంత నడిచినా ఐదో లైను తగల్దు, వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే అంకె) ఒకటే, అంతరఖండం వేరు. ఖండన బదులు "అడ్డం" అంటే పోదా?

—

అడ్డం అంటే నిలువుకి అడ్డం, తొంభై డిగ్రీలే అనుకుంటారండీ. వై = 2ఎక్స్ + 3ని వై = 9 − ఎక్స్ కోస్తుంది, 3ఎక్స్ = 6, ఎక్స్ 2, వై 7. వాలులు, అంటే ఎక్స్ ముందున్న అంకెలు, 2, మైనస్ 1, గుణిస్తే మైనస్ 2. లంబం కావాలంటే మైనస్ 1 రావాలి, కాబట్టి ఏటవాలుగా కోసినట్టే.

—

నాకైతే వాలు దగ్గరే పేచీ. పెంకుటింటి వాలు, పొద్దు వాలడం, వాలు కుర్చీ, మన వాలు ఎప్పుడూ కిందకే. లెక్కల్లో ప్లస్ వాలేమో పైకెక్కుతుంది, పిల్లలు తికమకపడరూ?

—

బెజవాడ బెంజి సర్కిల్ సంగతేంటి మరి, పైన ఫ్లైఓవర్, కింద బందరు రోడ్డు. మ్యాపులో కోసుకుంటాయి, అసలు తగలనే తగలవు, సమాంతరమూ కాదు.

—

ఒకే తలంలో లేవు గదండీ, టెన్త్ లెక్కలన్నీ ఒకే కాగితం మీద. ఈ మాట ఇప్పుడు మా అన్నయ్య కూతురికి చెబితే రేపటి పరీక్షకి నన్నే కూర్చోమంటుంది.