వయసుతో తగ్గే కండకు చేపనూనె, సముద్రపు నాచు పనిచేస్తాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది; డాక్టరుగారు సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గడం) అన్నారు. చేపనూనె, నాచు నుంచి తీసే ఫ్యూకోయిడాన్ కండను పెంచుతాయని ప్రకటనల్లో చూశాను. వీటికి ఆధారం ఉందా?

జవాబు 1: చేపనూనెకు కొంత ఉందండీ, కానీ మోతాదు ముఖ్యం. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 60 నుంచి 85 ఏళ్ల ఆరోగ్యవంతులు చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏను రోజుకు 1.86 గ్రాములు, డీహెచ్‌ఏను 1.5 గ్రాముల చొప్పున ఆరు నెలలు తీసుకోగా, తీసుకోనివారితో పోలిస్తే తొడ కండ పరిమాణం 3.6 శాతం, పిడికిలి పట్టు 2.3 కిలోలు మెరుగ్గా తేలాయి. అయితే ఐరోపాలో 70 దాటిన 2,157 మందిపై మూడేళ్లు సాగి, 2020లో ఫలితాలు వెలువడిన డూ-హెల్త్ పరీక్షలో రోజుకు 1 గ్రాము ఒమేగా-3తో కాళ్ల సామర్థ్యం మెరుగుపడలేదు. చేపనూనె డబ్బాపై పెద్ద అక్షరాల్లో ఉండే 1000 మి.గ్రా. నూనె బరువు మాత్రమే. సాధారణ గుళికలో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి సుమారు 300 మి.గ్రా. ఉంటాయి.

జవాబు 2: నాచు విషయంలో నాకు నమ్మకం లేదు. కండ పెరుగుదలను అణిచే మయోస్టాటిన్‌ను కట్టడి చేస్తుందంటూ అమ్మిన సిస్టోసీరా అనే గోధుమరంగు నాచు పొడిని, బరువులెత్తే యువకులకు 12 వారాలు ఇచ్చి చూసిన 2004 నాటి పరీక్షలో అదనపు లాభమేమీ కనిపించలేదు. పైగా ఫ్యూకోయిడాన్ తీసే గోధుమరంగు నాచుల్లో అయోడిన్ ఎక్కువ కాబట్టి థైరాయిడ్ ఉన్నవారు జాగ్రత్తపడాలి.

జవాబు 3: నాన్నగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే, లేదా గుండె లయ తప్పే సమస్య ఉంటే, ఎక్కువ మోతాదు చేపనూనె మొదలుపెట్టేముందు డాక్టరుగారిని తప్పక అడగండి. ఏది వాడినా, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, పూటపూటకూ తగినంత ప్రొటీన్ మానకూడదు. తినే అలవాటుంటే కవ్వలు, కానాగంతలు వంటి చేపల్లో ప్రొటీన్, ఒమేగా-3 రెండూ దొరుకుతాయి.