కొర్ర నూడుల్స్‌లో మైదా కలపాలా, వద్దా?

ఫుడ్‌టెక్_ఫైనలియర్: ప్రాజెక్టుకి కొర్ర నూడుల్స్ తీస్తున్నాం. అచ్చంగా కొర్రపిండితో తీస్తే ఉడికేటప్పుడు పోగులు తెగి నీళ్లు గంజిలా అవుతున్నాయి. గైడు గారు 30 శాతం మైదా కలపమంటున్నారు. అప్పుడు వాటిని కొర్ర నూడుల్స్ అనొచ్చా?

అచ్చుబిళ్ల: నిరభ్యంతరంగా. కొర్రలో గ్లూటెన్ (గోధుమలో ఉండే సాగే ప్రొటీన్) లేదు, పోగుని పట్టి ఉంచేది మైదాయే. పేరులో కొర్ర అన్నారు కాబట్టి ప్యాకెట్ మీద శాతం వేయండి, చాలు.

జొన్నపిండి: చాలదండీ. గోధుమ పడనివాళ్లే కదా వీటిని వెతుక్కునేది! జొన్నరొట్టెకి మరిగే నీళ్లు ఎందుకు పోస్తాం? పిండిలోని స్టార్చ్ ఉడికి బంకలా పట్టుకుంటుందని. ఇక్కడా అంతే. కిలో పిండిని 250 మైక్రాన్ల జల్లెడ పట్టండి. అందులో 200 గ్రాములు 400 మి.లీ. నీళ్లలో గట్టి సంకటిలా ఉడికించి, మిగతా 800 గ్రాములతో కలపండి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచి, ఎక్స్‌ట్రూడర్‌లో (పిండిని స్క్రూతో అచ్చులోంచి నెట్టి పోగులు తీసే మిషన్) వేయండి. పోగుల్ని 10 నిమిషాలు ఆవిరి పట్టి, 50 డిగ్రీల దగ్గర తేమ 10 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టండి. తొందరపడి వేడి పెంచితే పైపొర ముందే బిగుసుకుని, లోపలి తేమ పోయేటప్పుడు పగుళ్లిస్తుంది.

అచ్చుబిళ్ల: ఆవిరి పట్టాక పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ సంగతి చెప్పలేదేం?

జొన్నపిండి: వేడిమీద విడదీయబోతే తెగుతాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే స్టార్చ్ గట్టిపడుతుంది, పొద్దున విడదీసి ఆరబెట్టుకోవచ్చు. ఇంకా పట్టు కావాలంటే 1 శాతం గ్వార్ గమ్ వేయండి. మన గోరుచిక్కుడు గింజల బంకే అది. 2 శాతం దాటితే మాత్రం నోట్లో జిగట.

తూకంరాయి: ఇద్దరూ వాదించుకునే బదులు తూచొచ్చుగా. మైదా కలిపినవి, సంకటి పద్ధతివి, గమ్ వేసినవి విడివిడిగా తీసుకోండి. ఒక్కో రకం 10 గ్రాములు 300 మి.లీ. నీళ్లలో ఉడికించి వడకట్టండి. ఆ నీళ్లని 105 డిగ్రీల ఓవెన్‌లో పూర్తిగా ఇగరబెట్టి, అడుగున మిగిలింది, అంటే పోగుల్లోంచి నీళ్లలోకి పోయిన పిండి, తూచండి. 0.8 గ్రాములు, అంటే 8 శాతం లోపుంటే మంచి నూడుల్సే. సంకటి పద్ధతిది ఆ లెక్కలోకి వస్తే మైదా ఊసే అక్కర్లేదు.

ఫుడ్‌టెక్_ఫైనలియర్: అలా వస్తే 'గ్లూటెన్ ఫ్రీ' అని వేసుకోవచ్చా?

తూకంరాయి: అది మళ్లీ వేరే సంగతి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు పెట్టే సంస్థ) లెక్కన గ్లూటెన్ కిలోకి 20 మి.గ్రా. మించకూడదు. ల్యాబ్‌లో అదే మిషన్‌లో గోధుమ పాస్తా కూడా తీస్తుంటే స్క్రూ సందుల్లో, అచ్చు రంధ్రాల్లో పిండి ఉండిపోతుంది. విప్పి కడిగి, మొదట వచ్చిన కొర్ర పోగులు పారేసి, తర్వాతి వాటికి టెస్ట్ చేయించండి. రిపోర్టు వచ్చేదాకా లేబుల్ ప్రింట్‌కి ఇవ్వకండి.