అమ్మకి మతిమరుపా, దిగులా?

పలాస జీడిపప్పు: నాన్న పోయి ఏడాదయింది, అప్పట్నుంచి అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతంది, ఏటడిగినా నాకేటి తెల్దు బాబూ అంటంది, ఇది డిప్రెషనా (దిగులు జబ్బు), డిమెన్షియానా (మతిమరుపు జబ్బు), రెండిటికీ లింకుందేటి?

రాజాం కుర్రోడు: ఉంది బావా. దిగులు ఏళ్లకేళ్లు ఉండిపోతే కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ ఎక్కువై, జ్ఞాపకాలకి ముఖ్యమైన మెదడు భాగం హిప్పోకాంపస్ కుంచించుకుపోవచ్చంట, మెదడు రక్తనాళాలు పాడైనా రెండూ రావచ్చు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకి చెప్పిన 14 రిస్కుల్లో డిప్రెషన్ ఒకటి. అలాగని దిగులున్నోళ్లందరికీ వచ్చేస్తాదని కాదు.

బొబ్బిలి వీణ: తిరగబడీ ఉంటాది, డిమెన్షియా మొదట్లో దిగులుగానే కనబడొచ్చు. మా అత్తకి డిమెన్షియానే అనుకుని ఏడాది ఏడ్చాం, తీరా చూస్తే థైరాయిడ్! ముందు ఆ టెస్టూ బీ12 విటమిన్ టెస్టూ చేయించండి.

పలాస జీడిపప్పు: సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తాను అక్కా.